డి-లూప్: ముడి వేయడం తేలికే, బిగించడమే అసలు పని

కాంపౌండ్ విల్లు ఎక్కుపెట్టిన ఆర్చర్‌ని దగ్గర నుంచి గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఆ చెయ్యి వింటినారిని అసలు ముట్టుకోదు. చేతిలో రిలీజ్ అనే చిన్న పరికరం ఉంటుంది. దాని కొక్కెం పట్టుకునేది కూడా స్ట్రింగ్‌ని కాదు. బాణం తోక ఇరికించే చోట, స్ట్రింగ్‌కి వెనకవైపు కట్టిన అంగుళం కూడా లేని తాడు వంకీని అది పట్టుకుంటుంది. దాన్నే డి-లూప్ అంటారు. చెయ్యి విల్లును లాగేదీ, వదిలేదీ ఆ వంకీతోనే.

ఖరీదైన విల్లు, గురి చూసే సైటు, విల్లు కదలకుండా నిలిపే స్టెబిలైజర్లు ఏరి కోరి కొనుక్కున్నవాళ్లు కూడా దీని దగ్గరికొచ్చేసరికి తాడుముక్కే కదా అనుకుంటారు. ముడి ఎలా వేయాలో రేంజ్‌లో ఎవర్ని అడిగినా చూపిస్తారు, కాసేపట్లో చేతికి వచ్చేస్తుంది. బిగించడం గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ. డి-లూప్‌తో వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం ముడి తప్పు వేయడం వల్ల రావు, ముడి పూర్తిగా కూర్చోకముందే దాన్ని నమ్మి బాణాలు వేయడం వల్ల వస్తాయి. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట కోసమే. కానీ అది అర్థం కావాలంటే ముందు ఆ వంకీ అక్కడ ఎందుకుందో చూడాలి.

వేళ్లు చాలవా?

ఒలింపిక్స్‌లో మనం ఇన్నాళ్లూ చూసిన రికర్వ్ విల్లుకి డి-లూప్ ఉండదు. అక్కడ మూడు వేళ్లతో, వేళ్లకి తోలు ట్యాబ్ కట్టుకుని స్ట్రింగ్ లాగుతారు. వదిలేటప్పుడు స్ట్రింగ్ వేలికొసల చుట్టూ తిరిగి జారాలి కాబట్టి అది కాస్త పక్కకి తోసుకుపోతుంది, బాణం వంపులు తిరుగుతూ బయల్దేరుతుంది. దాన్ని లెక్కలోకి తీసుకునే రికర్వ్ బాణం గట్టిదనాన్ని ఎంచుకుంటారు.

కాంపౌండ్ విల్లు కథ వేరు. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రానికి చెందిన హాలెస్ విల్బర్ అలెన్ 1966లో దీనికి పేటెంట్ కోసం దరఖాస్తు చేశాడు, 1969లో మంజూరైంది. రెండు కొసల్లో తిరిగే చక్రాల వల్ల లాగుతున్నప్పుడు బరువు పెరిగి, చివరికి వచ్చేసరికి ఒక్కసారిగా తగ్గిపోతుంది. పోటీల్లో గరిష్ఠ బరువు 60 పౌండ్లకి మించకూడదన్నది అంతర్జాతీయ సంఘం వరల్డ్ ఆర్చరీ నిబంధన. 80 శాతం తగ్గింపు ఉన్న 60 పౌండ్ల విల్లుని పూర్తిగా లాగి పట్టుకున్నప్పుడు చేతిమీద ఉండేది 12 పౌండ్లే. అంత తక్కువ బరువు మీద వేళ్లు వదిలితే స్ట్రింగ్ ఇంకా ఎక్కువ పక్కకి పోతుంది. పైగా కాంపౌండ్ విళ్లు పొట్టివి. లాగినప్పుడు స్ట్రింగ్ బాగా ఇరుకు కోణంలో మడత పడి వేళ్లనీ, బాణం తోకనీ నొక్కేస్తుంది. అందుకే రిలీజ్ వచ్చింది.

మొదట్లో రిలీజ్ కొక్కేన్ని నేరుగా స్ట్రింగ్‌కే, బాణం కింద తగిలించేవారు. దాంతో రెండు నష్టాలు. లోహపు కొక్కెం రోజూ ఒకేచోట రాసుకుని సర్వింగ్‌ని, అంటే స్ట్రింగ్ నడుముకి బిగుతుగా చుట్టిన దారాన్ని, తొందరగా తెంపేస్తుంది. రెండోది ఇంకా పెద్ద నష్టం. లాగే బలం బాణానికి సూటిగా వెనక ఉండదు, కిందుగా ఉంటుంది. డి-లూప్ ఈ రెండింటినీ ఒక్క దెబ్బతో తీర్చేసింది. ఒక ముడి బాణం నాక్‌కి, అంటే స్ట్రింగ్‌కి తగిలించే తోక గాడికి, పైన, ఒకటి కింద. వంకీ మధ్యలో కొక్కెం పడితే లాగే బలం నాక్ వెనకే సూటిగా పడుతుంది. అరిగేది మార్చుకోదగ్గ తాడు, స్ట్రింగ్ కాదు.

అయితే ఈ ఏర్పాటులోనే ఒక బాధ్యత కూడా వచ్చి పడింది. నాక్ ఎంత ఎత్తులో ఉండాలో ఇప్పుడు ఆ రెండు ముడులే నిర్ణయిస్తాయి. ముడులు జరిగితే నాక్ జరుగుతుంది. బాణం పొడవు 70 సెంటీమీటర్లు అనుకుందాం. తోకవైపు ఒక మిల్లీమీటరు ఎత్తు తేడా వస్తే బాణం కోణం మారేది ఏడువందల్లో ఒక వంతు. ఆ గీతని అలాగే 50 మీటర్లు సాగదీస్తే ఏడు సెంటీమీటర్ల పైచిలుకు తేడా. నిజంగా బాణం వెళ్లేటప్పుడు ఇంత తేడా టార్గెట్ మీద పడదు. ఈకలు బాణాన్ని గాల్లో సరిచేస్తాయి, బయల్దేరే దిశ నాక్ ఒక్కదానితోనే తేలదు. కానీ కాంపౌండ్ వాళ్లు 50 మీటర్ల దూరంలో కొట్టే 80 సెంటీమీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వెడల్పు 8 సెంటీమీటర్లే. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల ఫైనల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 15 బాణాలకి 149 పాయింట్లు కొట్టి బంగారు పతకం గెలిచింది. అంటే పద్నాలుగు బాణాలు ఆ 8 సెంటీమీటర్లలోనే పడ్డాయి. ఆ స్థాయి ఆటలో మిల్లీమీటరులో సగం కూడా చిన్న విషయం కాదు.

తాడు, మంట

ఈ పనికి ఏ తాడు పడితే ఆ తాడు పనికిరాదు. డి-లూప్ కోసమే అల్లిన పాలియెస్టర్ తాడు రోల్‌గానో ముక్కలుగానో దొరుకుతుంది. లావు సుమారు 2 మిల్లీమీటర్లు. లోపల బిగువైన అల్లిక, పైన కాస్త గరుకు. ఆ గరుకుదనం ఉంటేనే ముడి సర్వింగ్‌ని పట్టుకుంటుంది. నున్నటి నైలాన్ తాడు జారుతుంది, సాగుతుంది కూడా. రంగు మీ ఇష్టం, లావు మాత్రం మార్చకండి. తాడు లావు మారితే రిలీజ్ దవడలో, అంటే తాడుని పట్టే దాని కొక్కెంలో, కూర్చునే తీరు మారుతుంది, ముడి మందమూ మారుతుంది.

పొడవు నాలుగు నుంచి నాలుగున్నర అంగుళాలు తీసుకుంటే చాలామందికి సరిపోతుంది. బిగించాక వంకీ లోపలి ఖాళీ 12 నుంచి 15 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఇంతకన్నా చిన్నదైతే రిలీజ్ దవడ నాక్‌ని తాకుతుంది. పెద్దదైతే చెయ్యి వెనక్కి పోయి దవడ ఎముక దగ్గర ఆనే చోటు మారిపోతుంది. కొత్త లూప్ కట్టాక ముఖం మీద చెయ్యి కుదరడం లేదని ఎవరైనా అంటే నేను ముందు కొలిచేది ఈ ఖాళీనే.

తాడు కొసల్ని కాల్చి ఉబ్బుగా చేయాలి. ముడి ఊడిపోకుండా కాపాడేవి ఈ ఉబ్బులే, అందుకని ఇక్కడ తొందరపడకూడదు. కొసని రెండు మూడు మిల్లీమీటర్ల మేర వేళ్లతో విప్పి పోగుల్ని విడదీస్తే కరిగినప్పుడు ఉబ్బు వెడల్పుగా వస్తుంది. లైటర్ మంటలో ముంచేయకుండా, మంట అంచున తాడుని తిప్పుతూ కరిగించాలి. ఇంకా మెత్తగా ఉండగానే లైటర్ లోహపు భాగానికి ఆనించి నొక్కితే ఉబ్బు తాడుకన్నా అన్నివైపులా వెడల్పుగా పరుచుకుంటుంది. నల్లగా మాడితే ఆ కొస కోసేసి మళ్లీ చేయండి. మాడిన పాలియెస్టర్ పెళుసు, ఒత్తిడి పడగానే రాలిపోతుంది.

మంట విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. పాలియెస్టర్ కరగడానికి 250 డిగ్రీల సెల్సియస్ దాటాలి. విల్లు స్ట్రింగ్‌లో ఉండే పాలిథిలిన్ పోగులు మాత్రం 150 డిగ్రీల చుట్టుపక్కలే కరుగుతాయి. అంటే లూప్ కొసని కాల్చడానికి సరిపోయే మంట స్ట్రింగ్‌ని ఎప్పుడో పాడుచేసి ఉంటుంది. బయటికి ఏమీ కనిపించకపోవచ్చు, లోపలి పోగు బలం పోయి ఉంటుంది. అందుకే రెండు కొసల్నీ విల్లుకి దూరంగా, ముందే కాల్చుకోవడం మంచిది. మొదటిసారి పొడవు తెలియక ఒక కొస విల్లు మీదే కాల్చాల్సి వస్తే, మధ్యలో లోహపు రేకు అడ్డం పెట్టి, మంటని స్ట్రింగ్‌ వైపు కాకుండా అవతలికి తిప్పి పట్టుకోండి. ఒకసారి కుదిరిన పొడవుని రాసిపెట్టుకుంటే రెండోసారి ఆ అవసరమే రాదు.

ముడి

విల్లుని నిలువుగా బిగించి, ఆర్చర్ నిలబడే వైపు నుంచి స్ట్రింగ్‌ని చూస్తున్నాం అనుకోండి. స్ట్రింగ్‌కి ఒక నాక్ తగిలించి ఉంచండి. బాణం అక్కర్లేదు, విడి నాక్ చాలు. తాడు కొసకి దగ్గరగా చిన్న మడత పెట్టి, ఆ మడతని స్ట్రింగ్ అవతలి నుంచి కుడి వైపు మొదలై ఎడమకి వచ్చేలా దూర్చాలి. ఇప్పుడు కాల్చిన పొట్టి కొసనీ, పొడుగు భాగాన్నీ రెండింటినీ ఇవతలి నుంచి తెచ్చి ఆ మడతలోకి దూర్చి లాగాలి. పై ముడి అయిపోయింది. నాక్ కింద రెండో కొసతో సరిగ్గా ఇదే ముడి, కాకపోతే ఎడమ నుంచి కుడికి. పూర్తయ్యాక చూస్తే ఒక ఉబ్బు స్ట్రింగ్‌కి ఒక పక్క, రెండో ఉబ్బు రెండో పక్క కనిపించాలి.

రెండూ ఒకే పక్కన ఉంటే ఏమవుతుంది? తాడు ప్రతి ముడిలోంచీ స్ట్రింగ్‌కి సరిగ్గా నడుమ నుంచి కాకుండా కాస్త పక్క నుంచి బయటికొస్తుంది. అందువల్ల లాగినప్పుడు ప్రతి ముడీ స్ట్రింగ్‌ని ఒక వైపుకి తిప్పాలని చూస్తుంది. ఎదురెదురు పక్కల ఉంటే ఆ రెండు తిప్పుళ్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒకే పక్క ఉంటే కలిసిపోతాయి. అప్పుడు స్ట్రింగ్ మెలి తిరిగి పీప్, అంటే స్ట్రింగ్ మధ్యలో కంటికెదురుగా ఉండే చిల్లు బిళ్ల, పక్కకి తిరుగుతుంది. బాణాలు ఎడమకో కుడికో పోతాయి. చాలామంది అప్పుడు పీప్‌ని సరిచేయడానికి కూర్చుంటారు, తప్పేమో కింద ముడి దగ్గరుంటుంది.

చుట్లు ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా కూర్చోవాలి, ఒకదానిమీద ఒకటి ఎక్కకూడదు. ఇది వదులుగా ఉన్నప్పుడే వేలిగోటితో సర్దుకోవాలి. బిగిసిపోయాక సర్దలేం.

బిగించడం

ఈ ముడికి ఒక మంచి గుణం ఉంది. ఎంత గట్టిగా లాగితే అంత గట్టిగా స్ట్రింగ్‌ని పట్టుకుంటుంది. అందుకే కొందరు చేత్తో కాస్త లాగి, మిగతాది బాణాలు వేస్తుంటే అదే బిగుస్తుందని వదిలేస్తారు. అది నిజమే, బిగుస్తుంది. కానీ బిగిసే క్రమంలో ముడి జరుగుతుంది. తాడులో ఉన్న వదులంతా వంకీలోకి వస్తుంది, చుట్లు దగ్గరికి నొక్కుకుంటాయి, ముడి స్ట్రింగ్ చుట్టూ కొద్దిగా తిరుగుతుంది. సర్వింగ్ దారం చుట్టలు చుట్టలుగా ఉంటుంది కదా, ముడి దానిమీద తిరిగినప్పుడు బోల్టు మీద నట్టు ఎక్కినట్టు పైకో కిందికో పాకుతుంది. నాక్ ఎత్తు మారిపోతుంది, వంకీ పొడవు పెరుగుతుంది. మీరు అప్పటికే సైటు సరిచేసుకుని ఉంటారు. వారం తర్వాత బాణాలన్నీ కాస్త కిందికి పడుతుంటే తప్పు చేతిలో వెతుక్కుంటారు.

అందుకే ముడి బిగించే పని బాణాల చేత చేయించకూడదు, మనమే ముందు చేసేయాలి. దానికి డి-లూప్ ప్లయర్ అనే పనిముట్టు ఉంది. మామూలు ప్లయర్ పిడి నొక్కితే నోరు మూసుకుంటుంది, ఇది నొక్కితే నోరు తెరుచుకుంటుంది. నోటి బయటి అంచుల మీద తాడు జారకుండా గాళ్లుంటాయి. దాన్ని వంకీలో పెట్టి నొక్కితే రెండు ముడుల మీదా ఒకేసారి సమానంగా బలం పడుతుంది. అది లేనప్పుడు సన్నమూతి ప్లయర్ మూసిన నోటిని వంకీలో పెట్టి పిడి విప్పదీసినా పనవుతుంది. కానీ దాని అంచులు పదునుగా ఉంటే తాడు కోసుకుపోతుంది, అది గమనించుకోవాలి. స్క్రూడ్రైవర్ కడ్డీని వంకీలో దూర్చి రెండు చేతులతో సూటిగా వెనక్కి లాగడం కూడా మంచి పద్ధతే. నాకైతే ప్లయర్‌తో మొదలుపెట్టి కడ్డీతో ముగించడం ఇష్టం. ప్లయర్ ముడుల్ని పైకీ కిందికీ తెరుస్తుంది, కడ్డీ మాత్రం బాణం వేసేటప్పుడు రిలీజ్ లాగే దిశలోనే లాగుతుంది. రెండు దిశల్లోనూ వదులు పోవాలి.

ఒకేసారి పూర్తి బలంతో బిగించకండి. సగం బిగించి ఆగండి. ఈ దశలో ముడి ఇంకా మాట వింటుంది. బౌ స్క్వేర్, అంటే స్ట్రింగ్‌కి తగిలించే లంబకోణపు కొలబద్ద, పెట్టి నాక్ ఎత్తు చూసుకోండి. బాణం స్ట్రింగ్‌కి లంబంగా, లేదా అంతకన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎత్తుగా ఉండటం మామూలు మొదలు. పైకి జరపాలన్నా కిందికి జరపాలన్నా లూప్‌ని స్ట్రింగ్ చుట్టూ తిప్పండి. సర్వింగ్ చుట్టిన దిశని బట్టి ఒకవైపు తిప్పితే ఎక్కుతుంది, రెండోవైపు తిప్పితే దిగుతుంది. తోసి జరపడం కన్నా ఇదే పద్ధతి. తోస్తే సర్వింగ్ దారం విడిపోయి ఖాళీలు పడతాయి. ఎత్తు కుదిరాక పూర్తిగా బిగించి మళ్లీ కొలవండి. బిగింపులో మళ్లీ కొంచెం జరిగి ఉంటుంది, మళ్లీ తిప్పాలి. ఈ కొలిచి తిప్పడం రెండు మూడుసార్లు అవుతుంది, దాన్ని విసుగనుకోకండి.

మొదట్లో తగిలించిన నాక్ ఇక్కడ పనికొస్తుంది. ముడులు రెండూ నాక్‌ని మరీ గట్టిగా నొక్కి పెడితే పూర్తిగా లాగినప్పుడు స్ట్రింగ్ కోణం ఇరుకై అవి నాక్‌ని ఇంకా నలిపేస్తాయి. దీన్నే నాక్ పించ్ అంటారు. బాణం రెస్ట్ (విల్లు మీద బాణం ఆనే ఆధారం) మీద నుంచి లేవడం, వదిలేటప్పుడు తోకకి దెబ్బ తగలడం దీని లక్షణాలు. పొట్టి విల్లుకి ఈ బాధ ఎక్కువ. అందుకని నాక్ పైనా కిందా కంటికి కనబడీ కనబడనంత ఖాళీ ఉండాలి. చాలామంది ఆర్చర్లు లూప్ లోపల, నాక్‌కి కిందో పైనా కిందా రెండు చోట్లో సన్నటి సర్వింగ్ దారంతో చిన్న కట్లు వేసుకుంటారు. అప్పుడు నాక్ ఎత్తుని ఆ కట్లే పట్టి ఉంచుతాయి, లూప్ ముడికి లాగడం ఒక్కటే పని. నా మట్టుకు ఇది చాలా మంచి అలవాటు. లూప్ తెగినా, మార్చినా నాక్ చోటు చెదరదు.

బిగించే ముందు ముడి దగ్గర మైనం రాయకండి, జారుతుంది. గట్టిపడుతుందని జిగురు చుక్క వేసేవాళ్లున్నారు. జిగురు ఇంకిన చోట తాడు బిరుసెక్కి, వంగాల్సిన చోట విరుగుతుంది. సరిగ్గా బిగించిన ముడికి ఏ పూతా అవసరం లేదు.

ఇంత చేసినా మొదటి పాతిక ముప్ఫై బాణాలకి లూప్ ఇంకా కొద్దిగా సర్దుకుంటుంది. ఆ బాణాల్ని సైటు సరిచేయడానికి లెక్కలోకి తీసుకోకుండా దగ్గర నుంచి వేసి, మళ్లీ కొలవాలి. ఆ తర్వాతే పేపర్ ట్యూనింగ్. అంటే దగ్గరలో కాగితం కట్టి బాణం చేసే చిరుగుని చూడటం. తోక పైకో కిందికో చిరిగితే నాక్ ఎత్తునీ, రెస్ట్‌నీ చూడాలి. లూప్ సర్దుకోకముందే ఈ పరీక్ష చేస్తే మీరు కొలిచేది రేపటికి ఉండని విల్లుని.

చివరగా లూప్ ఏ వైపు తిరిగి ఉండాలన్నది మీ రిలీజ్‌ని బట్టి ఉంటుంది. మణికట్టుకి కట్టుకునే రిలీజ్ దవడ లూప్‌ని ఎలా తిప్పినా పెద్దగా పట్టించుకోదు. పిడికిట్లో పట్టుకునే రకంతో మాత్రం చెయ్యి ఏటవాలుగా ముఖానికి ఆనుతుంది, దాంతో పాటే లూప్ తిరిగి స్ట్రింగ్‌ని మెలిపెడుతుంది. అందుకే విల్లు ఊరికే ఉన్నప్పుడు కాదు, పూర్తిగా లాగి పట్టుకున్నప్పుడు లూప్ మెలిక పడకుండా ఉందో, పీప్ కంటికి గుండ్రంగా కనిపిస్తుందో చూసుకోవాలి. మీరు లాగి నిలబడితే పక్కనున్నవాళ్లు చూసి చెప్పాలి. ఒక్కరే చేసే పని కాదిది.

ఎప్పుడు మార్చాలి

లోహంతో చేసిన లూపులు కూడా దొరుకుతాయి. స్క్రూలు బిగిస్తే చాలు, ముడి గొడవ లేదు. కానీ అవి బరువు, సర్వింగ్‌ని కొరుకుతాయి, రిలీజ్ దవడని అరగదీస్తాయి. తాడు అరగడం దాని లోపం కాదు, అరగాల్సింది అదే.

అరుగుదల ముందు కనిపించేది రిలీజ్ దవడ పట్టే చోట. పోగు రేగి నూగులా లేస్తుంది, తర్వాత ఆ చోటు పలచబడి నున్నగా మెరుస్తుంది. మెరిసే దశ వచ్చిందంటే ఇక ఆలోచించకండి, మార్చేయండి. ఉబ్బుల్ని కూడా చూడాలి. ఏదైనా చిన్నదై ముడిలోకి లాక్కుపోతున్నట్టుంటే ఆ లూప్ ఇక ఎంతోకాలం ఉండదు. లూప్ తెగేది చాలావరకు లాగుతున్నప్పుడే, బరువు గరిష్ఠంగా ఉన్న చోట. లాగే పిడికిలి అదుపు తప్పి మొహానికి తగులుతుంది. బాణం స్ట్రింగ్ మీద నుంచి ఊడి ఉంటే విల్లు ఖాళీగా పేలుతుంది. బాణం మోసుకుపోవాల్సిన శక్తంతా అప్పుడు విల్లులోనే మిగిలి చక్రాల్నీ, విల్లు వంగే కొమ్మల్నీ, స్ట్రింగ్‌నీ పాడుచేయగలదు. పిల్లలకి నేర్పే చోట ఇది మరీ ముఖ్యం. పిల్లలు లూప్ చూసుకోరు, శిక్షకులే రోజూ చూడాలి.

2028 లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ మొదటిసారి చేరుతోంది. కాంపౌండ్ విల్లు పట్టే పిల్లలు ఇకమీద ఇంకా పెరుగుతారు. వాళ్లలో పోటీలకి వెళ్లేవాళ్లకి ఒక్క సూచన: పోటీ ముందురోజు రాత్రి కొత్త లూప్ కట్టకండి. వారం ముందే కట్టి, బాణాలు వేసి, కొలతలు రాసిపెట్టుకోండి. అదే తాడుతో, అదే పొడవుతో, రెండు కొసలూ కాల్చిన ఇంకో రెండు ముక్కల్ని కిట్‌లో ప్లయర్ పక్కన ఉంచుకోండి. మైదానంలో అవసరం పడితే లైటర్ వెలిగించే పని లేకుండా కట్టి, బిగించి, బౌ స్క్వేర్‌తో కొలిచి మళ్లీ లైన్ మీదకి వెళ్లవచ్చు.